బంపరు మీద తుప్పు చుక్క

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమెరికాలో ముప్పై ఏళ్లు కార్ల కంపెనీలో చేశారు కదా, కార్ల చరిత్ర రాయండి" అన్నారు. కార్ల చరిత్ర రాసేటంత వాణ్ని కాను. నా ఉద్యోగమంతా సీటు బెల్టు బిగించే బోల్టుల దగ్గర మొదలై అక్కడే ముగిసింది. అయితే రాత్రిళ్లు భోజనాలయ్యాక టేబుల్ లైటు కింద కూర్చుని ప్లాస్టిక్ కార్ల నమూనాలు కట్టే అలవాటు ఒకటి ఉంది. అసలు కారుకు ఇరవై ఐదో వంతు ఉంటాయి అవి. వాటిలో నన్ను అన్నిటికన్నా ఏడిపించింది, అన్నిటికన్నా నేర్పింది ఒక్క భాగం. తళతళలాడే క్రోమ్ బంపరు. దాని చరిత్ర రాస్తాను.

అది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1978లో మన బడిలో జరిగిన సైన్సు ఎగ్జిబిషన్ కొందరికైనా గుర్తుండే ఉంటుంది. "లోహాలకు పూత" అనే నా ఎగ్జిబిట్‌కు మొదటి బహుమతి వచ్చింది. గాజు తొట్టిలో మైలుతుత్తం నీళ్లు, ఒక బ్యాటరీ, రాగి పూత ఎక్కుతున్న ఇనప చెంచా. అది ఎవరైనా చేస్తారు. న్యాయనిర్ణేతలను నిలబెట్టింది పక్కన ఉన్న చెక్క పలక. దాని మీద నాలుగు ఇనప పట్టీలు: సానబట్టిన ఉక్కు, దాని మీద రాగి, రాగి మీద నికెల్, నికెల్ మీద క్రోమ్. ఆ పలక చేసింది నేను కాదు. నా బెంచీలో కూర్చునే మిత్రుడు, ఆటోనగర్‌లో వాళ్ల నాన్నగారి ప్లేటింగ్ షాపులో రెండు ఆదివారాలు కష్టపడి చేశాడు. చార్టు మీద రాసిన పేరు మాత్రం నాదొక్కటే. "వివరించి చెప్పింది నేనే కదా" అని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వాడు ఏమీ అనలేదు. పదో తరగతి అవగానే షాపులో కూర్చున్నాడు. నేను చదువుల వెంట పోయాను.

ఇక చరిత్రలోకి వస్తాను. క్రోమియం లోహాన్ని 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి సీసపు ఖనిజంలో కనిపెట్టాడు. దాని లవణాలు ఒక్కొక్కటీ ఒక్కో రంగులో ఉండటంతో, రంగు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. మన కృష్ణా జిల్లా వాళ్లకు ఇది మరీ దూరపు సంగతేం కాదు. కొండపల్లి కొండల్లో క్రోమైట్ రాయి ఉంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో ముక్కలు అతికించి బొమ్మలు చేసే ఊరి కొండల్లోనే క్రోమియం కూడా ఉందన్న మాట నాకు యాభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు. సోషల్ మాస్టారు చెప్పే ఉంటారు. నేను వినుండను.

లోహం దొరికిన నూరేళ్ల తర్వాత కూడా దాన్ని నమ్మకంగా పూతగా ఎక్కించడం ఎవరికీ చేతకాలేదు. 1920ల దాకా కార్ల రేడియేటర్ చట్రానికీ, దీపాలకూ నికెల్ పూతే. నికెల్‌లో కాస్త పసుపు ఛాయ ఉంటుంది, కొద్ది రోజులకే మసకబారుతుంది, గుడ్డ పెట్టి తోముతూ ఉండాలి. 1920ల నడుమ కొలంబియా విశ్వవిద్యాలయంలో కొలిన్ ఫింక్, ఇంకొందరు చేసిన కృషితో క్రోమ్ పూత కర్మాగారాల పనిగా మారింది. ఆ దశాబ్దం ముగిసేసరికి అమెరికా కార్ల మీద నికెల్ కనబడటం తగ్గి, దాని చోట నీలి ఛాయ ఉన్న కొత్త మెరుపు వచ్చింది.

ఇక్కడొక చిన్న రహస్యం ఉంది. బంపరును కాపాడేది క్రోమ్ కాదు. పైన ఉండే క్రోమ్ పొర మైక్రానులో సగం కూడా ఉండదు. కంటికి కనబడని నెర్రెలు దాన్నిండా ఉంటాయి. తేమను ఆపేది కింద ఉన్న నికెల్, అది పదుల మైక్రాన్ల మందం. కొరియా యుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వం నికెల్‌ను యుద్ధ అవసరాలకు మళ్లించింది. 1951, 1952 నాటి కార్లకు నికెల్ సరిపడా లేకుండా పూత వేసి, పైన రంగులేని వార్నిష్ పూసి పంపారు. చూడ్డానికి అదే మెరుపు. కొద్ది చలికాలాలకే తుప్పు బయటపడింది. ఆ తర్వాత నికెల్ మళ్లీ దొరకగానే కసి తీర్చుకున్నట్టు క్రోమ్ కుమ్మరించారు. జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ రూపకల్పన విభాగాన్ని ఏలిన కాలం అది. 1958 బ్యూయిక్ కారు ముందరి జాలీలో క్రోమ్ వేసిన చదరపు దిమ్మెలు 160 ఉంటాయి. మన పెళ్లి మండపాల అలంకరణ కూడా దాని ముందు దిగదుడుపే.

ఆ కార్లనే చిన్నవిగా చేసి డీలర్ల బల్లల మీద పెట్టే వ్యాపారం మిషిగన్‌లో పుట్టింది. 1948లో ట్రాయ్ ఊళ్లో ఏఎంటీ అనే కంపెనీ మొదలైంది. అల్యూమినియం మోడల్ టాయ్స్ అన్నది ఆ పొడి అక్షరాల అర్థం. మొదట నిజంగానే అల్యూమినియం బొమ్మలు పోశారు. త్వరలోనే ప్లాస్టిక్‌కు మారారు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1958 నుంచి విడి భాగాలుగా కిట్లు అమ్మారు. ఒకే పెట్టెతో మూడు రకాలుగా కట్టుకోవచ్చు. నేను ఉద్యోగానికి వెళ్లేనాటికి ఆ కంపెనీ చేతులు మారి ట్రాయ్ నుంచి వెళ్లిపోయింది. ఇవాళ ఆ ఊళ్లో వీధికి నలుగురు తెలుగువాళ్లం ఉంటాం. దోసె పిండి ఏ కొట్లో బాగుంటుందో అందరికీ తెలుసు గానీ, ప్రపంచంలోని పిల్లలంతా అంటించుకున్న కార్లు ఒకప్పుడు ఇక్కడ తయారయ్యాయని చాలామందికి తెలియదు.

నా మొదటి కిట్ 1957 షెవర్లే బెల్ ఎయిర్. పెట్టె మూత తియ్యగానే బంపర్లు, జాలీ, చక్రాల మూతలు అన్నీ ఒకే చట్రానికి కాడలతో అంటుకుని అద్దంలా మెరుస్తున్నాయి. ఆటోనగర్ గుర్తొచ్చింది. ప్లాస్టిక్‌కు క్రోమ్ ఎలా ఎక్కించారా అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది క్రోమే కాదు, అల్యూమినియం. ముందు ప్లాస్టిక్ చట్రానికి లక్కలాంటి నున్నటి పూత వేసి ఆరబెడతారు. గాలి మొత్తం లాగేసిన గదిలో వేలాడదీస్తారు. టంగ్‌స్టన్ తీగల మీద పెట్టిన అల్యూమినియం ముక్కలు కాగి ఆవిరై, తిన్నగా ఎదురుగా ఉన్న వాటి మీద పొరలా పరుచుకుంటాయి. అందుకే చట్రాలను తిప్పుతూ ఉంటారు. పైన మళ్లీ పారదర్శకమైన పూత. ఆ అల్యూమినియం పొర మందం మైక్రానులో పదో వంతు లోపే. ఖగోళ శాస్త్రజ్ఞులు దూరదర్శిని అద్దాలకు వేసే పూత కూడా ఈ తీరులోదే. 1947లో పాలోమార్ కొండ మీది 200 అంగుళాల అద్దానికి వేసింది ఇలాంటిదే. పేరుకు పోయిన అల్యూమినియం ఏఎంటీ పెట్టెలోకి ఇలా ఆవిరి రూపంలో తిరిగొచ్చిందన్నమాట.

ఈ మెరుపుతో చిక్కులు మొదటి రోజే ఎదురవుతాయి. కాడ కోసిన చోట తెల్లటి మచ్చ పడుతుంది, ఎక్కువసార్లు అది బంపరు నడిమధ్యనే ఉంటుంది. అచ్చు రెండు సగాలు కలిసిన గీత పూత కిందే దాగి, వెలుగు పడగానే వెంట్రుకలా కనిపిస్తుంది. దాన్ని గీకితే పూత పోతుంది, గీకకపోతే గీత ఉంటుంది. జిగురు కూడా పట్టదు. ఈ ప్లాస్టిక్‌ను అతికించే జిగురు నిజానికి రెండు ముక్కల్నీ కొంచెం కరిగించి కలిపే ద్రావకం. మధ్యలో లోహపు పొర ఉంటే కరగడానికి ఏమీ దొరకదు. కాబట్టి అతుకు పడే చోట, బయటికి కనబడని వైపు, బ్లేడు మొనతో పూతను శుభ్రంగా గీకెయ్యాలి. నేను ఇది తెలియక షెవర్లే బంపరును మూడుసార్లు అంటించాను. మూడుసార్లూ మర్నాడు పొద్దున టేబుల్ కింద దొరికింది.

పాతకాలపు కట్టేవాళ్లు కాడ మచ్చ మీద వెండి రంగు చుక్క పెట్టి సరిపెట్టుకునేవారు. చూపు ఆనకపోతే పరవాలేదు. ఆ తర్వాత మా మిషిగన్ రాష్ట్రంలోనే తయారయ్యే బేర్ మెటల్ ఫాయిల్ వచ్చింది. మిఠాయి మీది వెండి రేకుకన్నా కొంచెం గట్టిది, వెనక జిగురు ఉంటుంది. కావలసిన కొలతకు కోసి, పరిచి, టూత్‌పిక్‌తో మూలల్లోకి రుద్దాలి. కిటికీల చుట్టూ ఉండే సన్నపట్టీలకు ఇప్పటికీ దాన్ని మించింది లేదు. బంపరు వంపుల దగ్గర మాత్రం ముడతలు పడుతుంది.

పూత మొత్తం తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టడం ఇంకో దారి. బట్టలకు వాడే ద్రవ బ్లీచ్‌లో ముక్కను ముంచితే అల్యూమినియం కొద్దిసేపట్లో కరిగిపోతుంది. చేతులకు తొడుగులు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. బాత్రూములు కడిగే యాసిడ్ ఆ దరిదాపుల్లో కూడా ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అల్యూమినియం పోయినా కిందటి లక్క పూత మిగిలే ఉంటుంది. దాన్ని కూడా తీస్తే గానీ ఫ్యాక్టరీ అచ్చులో చెక్కిన సన్నని గీతలు తేలవు. అప్పుడు అచ్చు గీతను సన్న సానకాయితంతో పోగొట్టి, నిగనిగలాడే నల్ల రంగు వేసి, దుమ్ము పడకుండా కొన్ని రోజులు ఆరనిచ్చి, ఆల్‌క్లాడ్ లాంటి లోహపు రంగును ఎయిర్‌బ్రష్‌తో పల్చగా పొరలు పొరలుగా పట్టించాలి. మెరుపంతా అడుగున ఉన్న నలుపు నునుపులోంచే వస్తుంది. ఈ మధ్య మోలోటో అనే జర్మన్ కంపెనీ పెన్నులో క్రోమ్ సిరా పోసి అమ్ముతోంది. అద్దంలాగే ఉంటుంది. పూర్తిగా ఆరకముందు వేలు తగిలితే బూడిద రంగుకు మారుతుంది. ఓపిక లేనివాళ్లకు అది పనికిరాదు, అంటే నాకు పనికిరాదు.

ఇవన్నీ నేర్చుకుని కట్టిన రెండో షెవర్లేను, ఆ మధ్య బెజవాడ వచ్చినప్పుడు వెంట తెచ్చాను. నలభై ఏళ్ల తర్వాత మా మిత్రుణ్ని వెతుక్కుంటూ ఆటోనగర్ వెళ్లాను. షాపు అక్కడే ఉంది, తొట్లు లేవు. తలుపులకు గొళ్లేలు, హ్యాండిళ్లు అమ్ముతున్నాడు. బొమ్మను పెట్టెలోంచి తీసి చేతిలో పెట్టాను. వాకిట్లోకి వచ్చి, ఎండకు వాలుగా పట్టి చూసి, "పని బాగా చేశావురా. ఇది క్రోమ్ మాత్రం కాదు" అన్నాడు.

"ఎట్లా తెలిసింది?"

"నీలం లేదు. తెల్లగా ఉంది. అల్యూమినియమా?"

ముప్పై ఏళ్లు కార్ల కంపెనీలో ఉన్న నాకు ఆ తేడా ఒక్కసారి కూడా కంటికి ఆనలేదు.

తర్వాత వాడు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. "అరవై ఏళ్ల బండి కదా, ఇంత కొత్తగా ఎందుకుంది?" బొమ్మల్ని వాడిన బండ్లలా పాతబరచడాన్ని వెదరింగ్ అంటారు. 1970లలో మోనోగ్రామ్ కిట్లతో పాటు షెపర్డ్ పెయిన్ తయారుచేసిన కరపత్రాలు వచ్చేవి. యుద్ధ విమానాలకూ ట్యాంకులకూ బురద, మసి, గీరలు ఎలా పెట్టాలో వాటిని చూసి ఒక తరం నేర్చుకుంది. కార్లు కట్టేవాళ్లు మాత్రం చాలాకాలం షోరూం మెరుపునే పట్టుకు వేలాడారు. నేనూ అంతే. ఎప్పుడైనా తుప్పు పెట్టాలనిపిస్తే బంపరు అంచుల వెంట గోధుమ రంగు పులిమేవాణ్ని. అది తప్పని చెప్పినవాడు మా మిత్రుడే.

"ముందు నుంచి తుప్పు పట్టదురా. బంపరు వెనక వైపు పూత సరిగ్గా ఎక్కదు. బురద అక్కడే చేరుతుంది. బోల్టు కన్నం దగ్గర, కింద మడత దగ్గర మొదలవుతుంది. ముందువైపు మొదట చీమ తలంత చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ పల్చగా పసుపు. అది ఏళ్ల తరబడి చుక్కగానే ఉంటుంది. తర్వాత పక్క చుక్కతో కలిసి పొర లేస్తుంది. బాగా తోమిన బండికైతే మలుపుల్లో క్రోమ్ అరిగి నికెల్ కనిపిస్తుంది, ఇత్తడి ఛాయ కొడుతుంది." ఆగి, "మా దగ్గర రెండు రేట్లు ఉండేవి. బేరమాడినవాడి బంపరు నికెల్ తొట్టిలో సగం సేపే ఉండేది. క్రోమ్ అందరికీ ఒకటే. ఇచ్చిన రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి" అని నవ్వాడు. 1952 నాటి అమెరికా ఫ్యాక్టరీల కథ నేను పుస్తకాల్లో చదివి తెలుసుకుంటే, ఆ లెక్క వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

టీ తెప్పించాడు. అల్లం వేసిన టీ, వాసన గుప్పుమంటోంది. నేను ఆ మాటే అన్నాను. వాడు గ్లాసు పక్కన పెట్టి, తనకు వాసన తెలియక ఇరవై ఏళ్లు దాటిందన్నాడు. క్రోమ్ తొట్టిలో కరెంటు పారుతుంటే బుడగలు లేస్తాయి. ఆ బుడగలతో పాటు క్రోమిక్ ఆమ్లం సన్నటి తుంపరగా పైకి వస్తుంది. అందులో ఉండే షడ్‌సంయోజక క్రోమియం ముక్కు లోపలి పొరను తినేస్తుంది. ఏళ్ల తరబడి పీల్చితే రెండు రంధ్రాల మధ్య గోడకే కన్నం పడుతుంది. చర్మం మీద మానని పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ అది కారణమని రుజువైంది. తొట్టి మీద గాలి లాగే గొట్టాలు ఉంటే ఈ ముప్పు బాగా తగ్గుతుంది. ఆ రోజుల్లో చిన్న షాపుల్లో ఆ గొట్టాల మాటే తెలియదు. వాళ్ల నాన్నగారి వేళ్ల మీద గుంటలు పడిన మచ్చలు నాకు బాగా గుర్తు. మేం ఎగ్జిబిషన్ పలక కోసం వెళ్లిన ఆదివారాల్లో ఆయన మమ్మల్ని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. "చదువుకునే పిల్లలు, మీకెందుకు" అనేవారు. కొడుకు కూడా చదువుకునే పిల్లవాడే. వాణ్ని రానిచ్చేవారు, పని నేర్పాలి కాబట్టి.

ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా ఆ రసాయనం వాడకూడదు. కాలిఫోర్నియాలో 2027 నుంచి అలంకారపు పూతలకు దాన్ని నిషేధిస్తూ 2023లో నిర్ణయించారు. ఇప్పటి కార్లలో కొన్ని చక్రాలకు గాలి లాగేసిన గదిలో ఆవిరిని పట్టించే పద్ధతిలోనే మెరుపు వేస్తున్నారు. బొమ్మకు వాడిన ఉపాయం అసలు బండికి చేరడానికి ఇంతకాలం పట్టింది.

ఆ రోజు మాట్లాడుకుంటూనే అనుకున్నాం, ఇద్దరం కలిసి ఒక బొమ్మ కడదామని. అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణిని తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా చేసిన బండి. వాళ్ల నాన్నగారి తొట్లలో మునిగి లేచిన బంపర్లలో ఎక్కువ దానివే. దానికి మంచి కిట్ ఏదీ మాకు దొరకలేదు. బజారులో పిల్లలకు అమ్మే ప్లాస్టిక్ అంబాసిడర్ కొని, విప్పి, బంపర్ల పూత ఊడదీసి, నల్ల రంగు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. నీలి ఛాయ కోసం చివరి పొరలో పారదర్శకమైన నీలం ఒక్క చుక్క కలిపాను. బొమ్మను అడుగు దూరం నుంచి చూస్తే అసలు బండిని ఇరవై ముప్పై అడుగుల నుంచి చూసినట్టే కాబట్టి, అద్దంలాంటి మెరుపు అంత దూరానికి అబద్ధంగా కనిపిస్తుంది. టమియా వాళ్ల ఎక్స్-19 పొగ రంగును బాగా పల్చన చేసి ఒక్క పొర వేసి ఆ మెరుపు తగ్గించాను. జాలీ సందుల్లో నల్ల రంగు నీళ్లలా పారించాను. బంపరు మలుపుల దగ్గర ఇత్తడి ఛాయ వాడు చెప్పిన చోటే పెట్టాను.

తుప్పు చుక్కలు మాత్రం నేను పెట్టలేదు. కావిరంగు నూనె రంగు బిళ్లలో తీసి, గుండుసూది ఇచ్చి వాడి ముందు బంపరు పెట్టాను. వాడు కళ్లజోడు తుడుచుకుని వెనకవైపు నుంచి మొదలుపెట్టాడు. బోల్టు కన్నం చుట్టూ ముద్దగా, కింద మడతలో చారగా పెట్టాడు. ముందువైపుకు తిప్పి చాలాసేపు చూసి, ఎడమ కొసన ఐదే చుక్కలు పెట్టి సూది దించాడు. ఇంకా పెట్టమంటే, "ఇది పూర్తి రేటు ఇచ్చిన బండి" అన్నాడు.

ఆ అంబాసిడర్ స్వర్ణోత్సవం నాడు మన సైన్సు ల్యాబ్ అద్దాల బీరువాలో ఉంటుంది. 1978 నాటి పలక ఆ బీరువా వెనకే దొరికిందని సైన్సు మేడమ్ ఫోటో పంపారు. ఉక్కు పట్టీ తుప్పు పట్టి ఎర్రబడింది, రాగి నల్లబడింది, మూడోది మసకబారింది. నాలుగోది ఇంకా మెరుస్తోంది, మధ్యలో రెండు చుక్కలు తప్ప. ఈ రెండు వస్తువుల ముందు పెట్టే చీటీ మీద ఈసారి వాడి పేరు పైన, నా పేరు కింద రాయించాను. ఈ వ్యాసంలో కూడా రాస్తానంటే ఒప్పుకోలేదు. బీరువా దాకా వచ్చి చదువుకోవాలట.